ఎవరి జాగాలో పడుకున్నాను?

ఈ మధ్య ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన సదస్సులో ఒక పరిశోధక విద్యార్థిని లేచి, నగరంలో ఇల్లు లేని స్త్రీల మీద తాను పని చేయబోతున్నాననీ, వాళ్ళ జీవితం అర్థం కావడానికి పది రోజులు వాళ్ళలాగే ఫుట్‌పాత్ మీద ఉండాలనుకుంటున్నాననీ చెప్పింది. హాలంతా చప్పట్లు. అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన, సాహిత్య పరిశోధన లైబ్రరీ గోడలు దాటుతోందని మురిసిపోయారు. తర్వాత నావైపు తిరిగి, ఈమె ఇంతకుముందే ఆ సాహసం చేసింది, రెండు మాటలు చెబుతుంది అని మైకు నా చేతికిచ్చారు. "వద్దమ్మా, వెళ్ళకు" అన్నాను. అంతకుమించి మాట్లాడలేకపోయాను. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. భోజనాల దగ్గర ఇద్దరు ముగ్గురు మిత్రులు నన్ను గట్టిగానే తప్పుపట్టారు. నువ్వు వెళ్ళొచ్చి, పేపరు చదివి, పేరు తెచ్చుకుని ఇప్పుడు వెనకొచ్చే వాళ్ళకి తలుపు మూస్తావా అని ఒకావిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఆ పూట చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నేను వెళ్ళింది 2018 జనవరి చివర్లో, హైదరాబాదులోనే, నాలుగు రాత్రులు. అంతకు రెండు నెలల ముందు, 2017 నవంబరులో, నగరంలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. అమెరికా అధ్యక్షుడి కూతురు వస్తోందని రోడ్లు అద్దాల్లా చేశారు. రోడ్ల మీద అడుక్కోవడాన్ని రెండు నెలలపాటు నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వులు వచ్చాయి. పట్టుకున్న వాళ్ళని జైళ్ళ ఆవరణల్లో ఏర్పాటు చేసిన ఆశ్రమాలకి తరలించారు. ఒక ఆశ్రమానికి పెట్టిన పేరు ఆనందాశ్రమం. నేను అప్పుడే సిద్ధాంత గ్రంథం సమర్పించి వైవా కోసం ఎదురుచూస్తున్నాను. ఆ గ్రంథంలో స్త్రీల కథల్లో ఇల్లు అనే భావన మీద ఒక అధ్యాయమంతా రాశాను. డెబ్బై పేజీలు. ఇంటిని జైలన్నాను, గడపని సరిహద్దన్నాను, వంటింటిని యుద్ధభూమి అన్నాను. పేపర్లో ఆ ఆశ్రమాల వార్త చదివాక, ఇల్లు లేకుండా నిజంగానే జైలు ఆవరణలో కూర్చున్న స్త్రీ గురించి నా డెబ్బై పేజీల్లో ఒక్క వాక్యం కూడా లేదని సిగ్గేసింది. సిగ్గు మంచిదే. ఆ సిగ్గుతో నేను చేసిన పని మాత్రం మంచిది కాదు.

ఎలా తయారయ్యానో చెప్తాను. మా అమ్మ పాత చీర ఒకటి అంచు చింపి, మట్టిలో పొర్లించాను. రెండు రోజులు తలకి నూనె రాయలేదు, దువ్వలేదు. లంగా బొందె మడతలో రెండు ఐదువందల నోట్లు పెట్టి కుట్టుకున్నాను. ఫోను సైలెంటులో పెట్టి జాకెట్లో దాచుకున్నాను. నా స్నేహితురాలు ఒకామె, నేను ఎక్కడుంటే అక్కడికి రెండు వందల గజాల దూరంలో తన కారు పెట్టుకుని అందులో పడుకోవడానికి ఒప్పుకుంది. జాక్ లండన్ 1902లో ఈస్టెండ్ పేదల మధ్య బతకడానికి వెళ్తూ చంక దగ్గర లోచొక్కాలో ఒక బంగారు సవరను కుట్టుకున్నాడు. స్నానం చేసి రాసుకోవడానికి దగ్గర్లోనే ఒక గది కూడా అద్దెకి తీసుకున్నాడు. ఆ సంగతి అతను దాచలేదు, పుస్తకంలోనే రాశాడు. నేను నోట్ల సంగతి నా పేపర్లో రాశాను. కారు సంగతి రాయలేదు.

మొదటి రాత్రి ఒక రైల్వే స్టేషను బయట. తొమ్మిదికి వెళ్ళాను. పదిన్నరకి కానిస్టేబుల్ లాఠీతో నేలమీద రెండుసార్లు కొట్టి పొమ్మన్నాడు. వేరే చోటికి వెళ్ళి కూర్చున్నాను. పన్నెండు దాటాక బైకు మీద ఒకడు వచ్చి ఆగి, ఏమీ అనకుండా అలాగే చూస్తూ నిలబడ్డాడు. వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎంత అని అడిగాడు. నేను లేచి నడిచాను. పరుగెత్తలేదనుకుంటాను, గుర్తులేదు. కారు దగ్గరికి వెళ్ళి అద్దం కొట్టి, లోపల కూర్చుని, తలుపులు లాక్ చేసుకుని గంటసేపు వణికాను. స్నేహితురాలు ఫ్లాస్కులోంచి టీ పోసింది. ఆ గంట కూడా నా పేపర్లో లేదు. అక్కడ, భయం నా శరీరంలో ఒక పాఠ్యంలా లిఖితమైంది అనే వాక్యం ఉంది.

రెండో రాత్రి ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి ఆవరణకి వెళ్ళాను. ఏదో చెప్పను. రోగులతో వచ్చినవాళ్ళు అక్కడ వరండాల్లో, చెట్లకింద, గోడల వెంబడి వందల మంది పడుకుంటారు. చాపలు, సంచులు, స్టీలు క్యారియర్లు, పిల్లలు. వాళ్ళలో కలిసిపోవచ్చనుకున్నాను. అరగంటలో సెక్యూరిటీ మనిషి వచ్చి నా ఒక్కదాన్నే లేపాడు. చుట్టూ అంతమంది ఉండగా నన్నే ఎందుకు? నా వేషం అంత బాగా కుదిరింది మరి. గేటు దాకా తరుముతూ వచ్చాడు. గేటు పక్కన గోడకి ఆనుకుని ఒక పెద్దామె కూర్చుని ఉంది. ఉతికిన చీర, నున్నగా దువ్వి వేసుకున్న ముడి, ఒళ్ళో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో మడతపెట్టిన ఓపీ చీటీ, పక్కన నీళ్ళ సీసా. ఎవరికో జబ్బు చేస్తే తోడొచ్చిన మనిషి అనుకున్నాను. సెక్యూరిటీ మనిషి అటు వెళ్ళేదాకా ఆగి పిలిచింది.

"ఏడికెల్లొచ్చినవ్ బిడ్డా? లోపలెవలున్నరు?"

"ఎవరూ లేరమ్మా" అన్నాను.

"గట్ల చెప్తారా? మొగుడున్నడని చెప్పాలె. ఆపరేషనైందని చెప్పాలె. తల దువ్వుకో ముందుగాల. గీ సీర జూస్తే కుక్కలు గూడ ఎంట పడ్తయ్."

ఆమెకి లోపల ఎవరూ లేరు. రెండేళ్ళుగా లేరు. ఆ చీటీ ఎవరో పారేసింది. (చీటీ అని రాశాను గాని, ఆమె పట్టుకున్న వస్తువు సరిగ్గా అది కాదు. మార్చి రాశాను. కారణం వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.) పగలు ఒక టిఫిన్ సెంటర్లో గిన్నెలు తోముతుంది. పొద్దున అయిదింటికి వెళ్తే మధ్యాహ్నం దాకా పని. అక్కడే పంపు కింద చీర పిండుకుంటుంది. రెండు చీరలున్నాయి, రోజు మార్చి రోజు ఉతుకుతుంది. కొబ్బరినూనె చిన్న సీసా బొడ్లో ఉంటుంది. రాత్రికి ఆమె ఒక రోగి తాలూకు మనిషి.

ఈ సంగతి నాకు ఆ రాత్రి అర్థం కాలేదు, తర్వాత చాలా రోజులకి అర్థమైంది. నేను ఇల్లు లేనిదాని వేషం వేసుకుని వెళ్ళాను. అక్కడ ఆమె తన బలమంతా పెట్టి వేస్తున్నది ఇల్లున్నదాని వేషం. ఇల్లు లేని స్త్రీ ఎలా ఉంటుందో నేను ఎక్కడ నేర్చుకున్నాను? సినిమాల్లో. కథల్లో. మాసిన చీర, జడలు కట్టిన జుట్టు, పిచ్చిచూపు. మనం రాసిన కథలే నాకు ఆ దుస్తులు కుట్టి ఇచ్చాయి. అలా కనిపించే స్త్రీలు లేరని కాదు. ఉన్నారు, మానసిక అనారోగ్యంతో, వెంట ఎవరూ లేకుండా. కాని అలా కనిపించడం ఎంత ప్రమాదమో తెలిసిన ఏ స్త్రీ అయినా, శక్తి ఉన్నంతకాలం అలా కనిపించదు. ఆమె రక్షణ అంతా కనిపించకపోవడంలోనే ఉంది. అలాంటప్పుడు కనిపించేదాన్ని చూసి అనుకరించి నేను పొందింది ఎవరి అనుభవం?

మన దేశంలో జనగణన కూడా ఈ చూపుతోనే సాగుతుంది. 2011 జనగణనలో ఇల్లు లేనివాళ్ళని ఫిబ్రవరి 28 రాత్రి, ఒక్క రాత్రిలో లెక్కపెట్టారు. రోడ్ల పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, ఫ్లైఓవర్ల కింద, పెద్ద పెద్ద సిమెంటు గొట్టాల్లో, గుళ్ళ మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉన్నవాళ్ళు లెక్కకొచ్చారు. దేశం మొత్తం మీద 17 లక్షల 70 వేల పైచిలుకు. ఆసుపత్రి గోడకి ఆనుకుని చేతిలో చీటీ పట్టుకున్న మనిషి దగ్గరికి లెక్కలు రాసే మాస్టారు వస్తే ఆమె ఏం చెబుతుంది? మా ఆయనకి ఆపరేషనైంది సారూ అనే చెబుతుంది. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి 2027కి నిర్ణయమైంది. ఆ రాత్రి కూడా ఆమె అదే చెబుతుంది.

మూడో రాత్రి, నాలుగో రాత్రి ఆమె పక్కనే ఉన్నాను. తల దువ్వుకుని, నా మామూలు నూలుచీర కట్టుకుని వెళ్ళాను. చూసి, "గిప్పుడు మంచిగున్నవ్" అంది. గోడకీ ఆమెకీ మధ్య ఒక మనిషి పట్టే జాగా ఉంది. అట్టముక్క పరిచి అక్కడ పడుకోమంది. అటువైపు నుంచి ఎవరూ రాలేరు, ఇటు ఆమె ఉంది. టిఫిన్ సెంటర్లో మిగిలిన పులిహోర తెచ్చి సగం పెట్టింది. నేను తిన్నాను.

అక్కడ నిద్ర గురించి రాసేవాళ్ళంతా చలి, దోమలు, గట్టినేల గురించి రాస్తారు. నేనూ రాశాను. అవి నిజమే. కాని ఆ పెద్దామె రాత్రంతా చేసేది పడుకోవడం కాదు, కాపలా. అరగంట కునుకు, లేవడం, చుట్టూ చూడడం, సంచీ తడుముకోవడం, మళ్ళీ కునుకు. సాయంత్రం ఆరు తర్వాత నీళ్ళు తాగదు. మరుగుదొడ్డికి చీకట్లో అంత దూరం నడవాలి కనక. ముట్టున్న రోజుల్లో ఎలా అని అడిగితే, "నాకు ఆగిపోయింది బిడ్డా, బతికిపోయిన" అంది. మెనోపాజ్ మీద మనం ఎన్ని వ్యాసాలు రాయలేదు! శరీరం, వయసు, సమాజం చూపు, ఆత్మగౌరవం. దాన్ని ఒక వసతిగా లెక్కించిన స్త్రీని నేను అప్పుడే చూశాను.

ఇల్లు లేదా అమ్మా అని అడిగాను. అడగకూడదేమో. ఆమెకి కోపం వచ్చింది.

"లేదని ఎవలన్నరు? ఉన్నది. పాలమూరు దిక్కు. నేనూ మా ఆయన బొంబాయిల మట్టిపని జేసి కట్టిన ఇల్లు. కొడుకు పేరు మీదున్నది."

పోతే రానిస్తారట. అన్నం కూడా పెడతారట. పడుకోవడానికి గొడ్ల కొట్టం చూపించాడట. గొడ్లు ఎప్పుడో అమ్మేశారు, ఖాళీగానే ఉంది కదా అన్నాడట.

అయిదో రోజు మా ఇంటికి వచ్చేశాను. గీజరు వేసి స్నానం చేసి పధ్నాలుగు గంటలు నిద్రపోయాను. రెండు నెలల తర్వాత ఒక జాతీయ సదస్సులో పేపరు చదివాను. నగరాన్ని శరీరంతో చదవడం అని దాని పేరు. కొందరు ఏడ్చారు. ఒక ప్రొఫెసర్ వచ్చి నా చేతులు పట్టుకున్నారు. ఒక సంకలనంలో వేసుకున్నారు.

పేపరు చదవకముందే, వెళ్ళొచ్చిన ఇరవై రోజులకి, ఆమెని చూడటానికి ఒక సాయంత్రం వెళ్ళాను. నా బట్టల్లో, నా హ్యాండ్‌బ్యాగుతో, ఒక కొత్త దుప్పటీ, అరటిపళ్ళు తీసుకుని. గుర్తుపట్టింది. నేను ఎవరో, ఎందుకు వచ్చానో అప్పుడు చెప్పాను. నేను ఊహించుకున్న సన్నివేశంలో ఆమె నవ్వి, గట్లనా బిడ్డా అని నా తల నిమరాలి. ఆమె దుప్పటీ ముట్టుకోలేదు.

"నీకు ఇల్లున్నదా?"

"ఉంది."

"మరి గా జాగల ఎందుకు పండుకున్నవ్?"

జవాబు చెప్పబోతే వినలేదు. ఆ గోడ పక్క జాగా ఒక పిల్లదట. పద్ధెనిమిదో ఇరవయ్యో ఉంటాయి. వారంలో రెండు మూడు రాత్రులు వస్తుంది, ఎక్కడినుంచో చెప్పదు, ఆమె కూడా అడగదు. నేను పడుకున్న మూడో రాత్రి ఆ పిల్ల వచ్చి, జాగా నిండి ఉండటం చూసి వెళ్ళిపోయింది. నేను నిద్రపోతున్నాను. పెద్దామె చూసింది. కొత్తగా వచ్చిన దిక్కులేని ఆడమనిషిని లేపడం ఎలా అని ఊరుకుంది.

"మళ్ళీ వచ్చిందా?" అని అడిగాను.

"రెండు దినాలైనంక అచ్చింది."

"ఎక్కడుందట?"

"ఏం జెప్పలె. నేనడగలె."

నా పేపర్లో ఇది లేదు. రాయడానికి కూర్చున్నాను, చేతకాలేదు. చదివినప్పుడు కొందరు ఏడ్చారని చెప్పానే, ఆ పిల్ల లేని పేపరు విని ఏడ్చారు.

ఇప్పుడు వాదంలోకి వస్తాను. ఇల్లు లేని జీవితాన్ని స్వయంగా అనుభవించి తెలుసుకోవడం అనే ఈ ప్రక్రియకి ఒక సాహిత్య వంశవృక్షం ఉంది. జార్జ్ ఆర్వెల్ 1933లో అచ్చువేసిన పారిస్, లండన్ పుస్తకం దానికి మూలపురుషుడు. విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ గౌరవంగా చదువుతాం. ఆర్వెల్ గొప్ప రచయితే, సందేహం లేదు. ఆ పుస్తకంలో స్త్రీల కోసం వెతకండి. రోడ్లమీద మగవాళ్ళతో పోలిస్తే ఆడవాళ్ళు ఎంతో తక్కువని అంకెలు చూపిస్తాడు. అంత తక్కువ ఎందుకున్నారు, మిగతావాళ్ళు ఏ గోడల చాటున ఉన్నారు అని కాదు అతని బెంగ. ఆడవాళ్ళు అందుబాటులో లేక దేశదిమ్మరి మగవాడు ఎంత బాధ పడుతున్నాడన్నది. ఆకలి తర్వాత అతను చెప్పే పెద్ద కష్టం అదే. అంటే ఇల్లు లేని జీవితంలో స్త్రీ, మగవాడికి లేని వస్తువుల్లో ఒకటి. కళ్ళారా చూసి, ఒంటితో అనుభవించి రాసినా ఇంతే కనిపించింది. అనుభవం దానంతటది చూపు ఇవ్వదు. పారిస్‌లో అతను పస్తులున్న రోజుల్లో తల్లి తోబుట్టువు ఒకామె ఆ ఊళ్ళోనే ఉండేది. ఆవిడ ఆ పుస్తకంలో లేదు. నా స్నేహితురాలి కారు గుర్తొస్తుంది నాకు.

స్త్రీలు వెళ్ళి రాసినవి లేవా అంటే ఉన్నాయి. వాటిని మనకెవరూ పాఠంగా పెట్టలేదు. మేరీ హిగ్స్ అని ఓల్డ్‌హామ్‌లో ఒక పాస్టర్ భార్య, 1903లో మరో స్త్రీని తోడు తీసుకుని దేశదిమ్మరిలా నడుచుకుంటూ వెళ్ళి, నిరుపేదలకి రాత్రి బస ఇచ్చే సర్కారీ వార్డుల్లో పడుకుంది. లోపలికి వచ్చే ఆడవాళ్ళతో అక్కడి కాపలా మనిషి ఎలా ప్రవర్తిస్తాడో రాసింది. ఏడా చెస్టర్టన్ 1920లలో చేతిలో చిల్లిగవ్వ లేకుండా లండన్ వీధుల్లో రెండు వారాలు గడిపి, మగవాడికి దొరికే చవక పడక ఆడదానికి దొరకదని కళ్ళారా చూసి, 1926లో పుస్తకం రాసింది. మరుసటి ఏడే స్త్రీల కోసం బస తెరిచింది. నా వాదానికి ఇది అడ్డం వచ్చే ఉదాహరణే. కాదనను. అనుభవించి చూడటం ఎప్పుడూ దొంగతనమే అని నేను అనలేను. కాని లెక్క చూసుకుందాం. ఆమె తీసుకున్న పడక ఆ వీధికి వడ్డీతో తిరిగి వచ్చింది. నేను తీసుకున్న జాగాకి బదులుగా ఒక సంకలనంలో పదహారు పేజీలు వచ్చాయి. పైగా వెళ్ళే ముందు ఆమెకి తెలియనిది ఒకటుంది, అది తెలుసుకుని వచ్చింది. నేను తెలుసుకోవాల్సినవన్నీ ఆ పెద్దామె పక్కన పగలు కూర్చుని అడిగితే చెప్పేది. చెప్పకపోతే, చెప్పకపోవడం ఆమె హక్కు.

ఇప్పుడు ఇది ఒక ఉత్సవం కూడా అయింది. ఆస్ట్రేలియాలో 2006 నుంచి కంపెనీల పెద్దలు ఏటా ఒక రాత్రి ఆరుబయట అట్టల మీద పడుకుని విరాళాలు పోగుచేస్తున్నారు. 2019 డిసెంబరులో చాలా దేశాల నగరాల్లో ఒకే రాత్రి అలా పడుకున్నారు. ఆ డబ్బు మంచి పనికే వెళ్తుందనుకుందాం. పక్కన సెక్యూరిటీ, మరుగుదొడ్డి, తెల్లారితే కాఫీ. తెల్లారుతుందని తెలిసిన రాత్రి అది. అలాంటి రాత్రిని ఎన్నిసార్లు గడిపినా ఆసుపత్రి గోడ పక్కన రాత్రి ఎలా ఉంటుందో తెలియదు. నాకూ తెలియదు. నాకు అయిదో రోజు ఉంది. ఉందని నాకు తెలియడమే నా నాలుగు రాత్రులనీ అబద్ధం చేసింది. ఆఖరికి నా భయం కూడా రెండు వందల గజాల భయమే.

మనలో చాలామందిని ఇబ్బంది పెట్టే మాట ఒకటి చెప్పాలి. తెలుగు సాహిత్యంలోకి స్వానుభవం అన్న మాట ఎవరు తెచ్చారు? స్త్రీవాదులూ, అంతకంటే పదునుగా దళిత, దళిత స్త్రీవాద రచయితలూ. అనుభవించని వాళ్ళు మా బతుకుని రాసే అధికారం ఎక్కడిదని అడిగారు. సానుభూతి సరిపోదన్నారు. ఆ ప్రశ్న పుట్టింది బయటికి రాలేని చోటునుంచి. కులంలోంచి నాలుగు రాత్రుల తర్వాత ఇంటికి రావడం లేదు, ఆడ శరీరంలోంచి లేదు. ఆ ప్రశ్నకి మన పైకులపు, ఉద్యోగస్తుల, పరిశోధకుల సమాధానం ఏమైంది? సరే, అనుభవమే కదా కావాలి, వెళ్ళి తెచ్చుకుంటాం అన్నాం. అధికారాన్ని ప్రశ్నించడానికి వాళ్ళు తెచ్చిన మాటని మనం అధికారపత్రంగా చేసుకున్నాం. నేను అక్కడ పడుకుని వచ్చాను అన్నాక ఆ సదస్సులో నన్ను ఎవరూ ఏ ప్రశ్నా అడగలేదు. మా ఇంట్లో పనిచేసే ఆమె ఎక్కడుంటుంది, ఆమె గది అద్దె ఎంత, వాన వస్తే ఎలా అని కూడా అడగలేదు. (ఆమె ఉండే రేకుల గది మా అపార్ట్‌మెంటు వెనకే. అక్కడికి వెళ్ళడానికి వేషం అక్కర్లేదు. అందుకే కాబోలు, నేను వెళ్ళలేదు.)

ఇక మన సొంత సాహిత్యం. ఇంట్లోంచి వెళ్ళిపోవడం అనేది మన కథల్లో, మన విమర్శలో ఎంత పెద్ద ఘట్టం! 1879లో ఇబ్సెన్ నోరా తలుపు వేసిన చప్పుడు మనం ఇప్పటికీ వింటున్నాం. చలం 1927లో రాజేశ్వరిని ప్లీడరు ఇంట్లోంచి మైదానానికి తీసుకుపోయాడు. ఆరుబయలు స్వేచ్ఛకి పేరయింది. గడప దాటిన ప్రతి నాయికనీ మనం చప్పట్లతో సాగనంపాం. నా సిద్ధాంత గ్రంథంలో నేనూ సాగనంపాను, పదకొండు మందిని. ఆ రాత్రి ఎక్కడ పడుకుంది అని ఒక్కరి గురించీ అడగలేదు. ఆ ప్రశ్న అడిగిన మనిషి లూసున్. 1923 డిసెంబరులో బీజింగ్‌లో ఆడపిల్లల కళాశాలలో మాట్లాడుతూ, నోరా వెళ్ళిపోయాక ఏం జరుగుతుంది అని అడిగాడు. చేతి సంచీలో డబ్బు లేకపోతే ఆమె పతనమైనా కావాలి, తిరిగైనా రావాలి అన్నాడు. మగవాడు అన్నాడు కనక పట్టించుకోనక్కర్లేదని మనం అనుకున్నామో, కథ అందం చెడుతుందనుకున్నామో.

వెళ్ళొద్దని నేను అనడం లేదు. హింస ఉన్న ఇంట్లో ఉండమని చెప్పే నోరు నాకు లేదు. నేను అంటున్నది ఇది: ఇల్లు లేకపోవడం అనేది స్త్రీకి ఫుట్‌పాత్ మీద మొదలు కాదు. ఇంట్లోనే మొదలవుతుంది, ఇల్లు ఎవరి పేరున ఉందన్న దగ్గర. పాలమూరు ఇంటికి ఆమె మట్టి మోసింది, కాగితం మీద కొడుకు పేరుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చిన చట్టం ఉంది. దేశమంతా అది 2005లో వచ్చింది. అదే ఏడు వచ్చిన గృహహింస చట్టం, ఇల్లు తన పేరున లేకపోయినా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు స్త్రీకి ఇచ్చింది. ఇవి ఎందరు తల్లులకి, ఎందరు కూతుళ్ళకి తెలుసు? తెలిసినా ఎవరు అన్నదమ్ముల గుమ్మంలో నిలబడి అడగగలరు? మా ఇంట్లో నేను అడగలేదు. పసుపు కుంకుమ కింద ఇచ్చినదానికి సంతకం పెట్టి వచ్చాను. డాక్టరేట్ ఉంది, స్త్రీవాదం మీద. నా భర్త పేరున ఉన్న ఫ్లాట్‌లోంచి నాలుగు రాత్రులకి బయల్దేరి, ఇల్లు లేకపోవడం ఎలా ఉంటుందో చూద్దామని వెళ్ళాను.

ఆ విద్యార్థిని సదస్సయ్యాక నా దగ్గరికి వచ్చింది. కోపంగానే వచ్చింది. మరి ఏం చేయమంటారు మేడమ్ అంది. పని కావాలంటే చాలా ఉంది. 2010లో ఆహారహక్కు కేసులో సుప్రీంకోర్టు, నగరాల్లో ప్రతి లక్ష జనాభాకి ఒక రాత్రి బస ఉండాలని చెప్పింది. 2011 లెక్కల ప్రకారమే మన నగరపాలక సంస్థ పరిధిలో 67 లక్షల మందికి పైగా ఉన్నారు. అంటే ఎన్ని ఉండాలి? ఎన్ని ఉన్నాయి? వాటిలో ఆడవాళ్ళకి ఎన్ని? రాత్రి పదకొండుకి వచ్చి తలుపు కొడితే తీస్తారా? ఆధార్ అడుగుతారా? పదేళ్ళ మగపిల్లవాడు వెంట ఉన్న తల్లిని స్త్రీల బసలోకి రానిస్తారా? సమాచార హక్కు దరఖాస్తు పెట్టు, జవాబులు పట్టుకుని ప్రతి బసకీ పగలు నీ పేరుతో, నీ బట్టల్తో వెళ్ళు, అన్నాను. ఆసుపత్రుల దగ్గర ఆడవాళ్ళకి రాత్రంతా తెరిచి ఉండే మరుగుదొడ్లు ఎక్కడున్నాయో నడిచి చూసి రాయి. మాట్లాడాలనుకుంటే ఎవరివో చెప్పి మాట్లాడు. వాళ్ళు నీతో మాట్లాడకపోతే తిరిగి వచ్చెయ్యి.

"ఇది సోషల్ వర్క్ మేడమ్. నాది తెలుగు సాహిత్యం" అంది. "దీన్ని మా గైడు థీసిస్ అంటారా?"

అనకపోవచ్చు. అదీ నిజమే. ఆమెకి ఫెలోషిప్ ఉంది, గడువు ఉంది, తర్వాత ఉద్యోగం కావాలి. నా పదహారు పేజీల పేపరు ఇప్పటికీ నా బయోడేటాలో రెండో పేజీలో ఉంది. నిరుడు ఒక ఇంటర్వ్యూ దరఖాస్తులో ప్రచురణల కింద దానికి మార్కులు పడ్డాయి. కమిటీలో ఒకాయన దాన్ని ప్రత్యేకంగా మెచ్చుకుని, ఇంకా అలాంటివి చేశారా అని అడిగారు. లేదండీ అన్నాను. తీసెయ్యమని మాత్రం అడగలేదు.